బాలింత దిగులుకు గడి లేదు

పసుపు తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్లో నాటితే సంక్రాంతి ప్రాంతంలో తవ్వకాలు మొదలవుతాయి. మా జక్రాన్‌పల్లిలో, ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆ తొమ్మిది నెలలూ అందరి కళ్ళూ దాని మీదే. ఆకుమచ్చ వచ్చిందా, దుంపకుళ్ళు తగిలిందా అని రోజూ చూస్తారు. తవ్వాక కూడా పని ఒడవదు. ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చాలి. తవ్వి కుప్ప పోసి, ఇక అయిపోయిందని ఇంటికి పోయిన రైతును నేనింతవరకూ చూడలేదు. ఆడమనిషి కాన్పు దగ్గర మాత్రం సర్కారూ సంసారమూ కలిసి సరిగ్గా ఆ పనే చేస్తున్నాయి. బిడ్డ బయటపడింది, తల్లి బతికింది, అయిపోయింది. ‘తల్లీబిడ్డా క్షేమం’ అని రాసి రిజిస్టరు మూసేస్తారు. ఆ క్షేమంలో తల్లి మనసు కూడా ఉందా అని అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు మన వంక చూస్తారు.

గర్భిణికీ బాలింతకూ మనసు వైద్యం అందడం ఎవరో దయతలచి చేసే మేలు కాదు. పట్నంలో డబ్బున్నవాళ్ళ విలాసం అంతకన్నా కాదు. అది హక్కు. ఆ హక్కు ఇంటిదాకా రావడానికి కావలసిన దారి సగం మన ఊళ్ళలో ఇప్పటికే వేసి ఉంది. ఆ దారిన నడవకపోవడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆడదాని దిగులు ఎవరి లెక్కలోనూ జబ్బు కాకపోవడమే అసలు కారణం.

లెక్కల గురించే మొదలుపెడదాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోనే అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011-13లో లక్ష జననాలకు 92 మంది తల్లులు చనిపోతే, 2018-20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43కి దిగింది. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం మొదలైంది. సర్కారు దవాఖానలో కాన్పయితే మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు, సబ్బులు, దోమతెర, బిడ్డకు బట్టలు, తల్లికి చీరలు. ఇవేవీ చిన్న సంగతులు కావు. మా అమ్మమ్మల కాలంలో కాన్పంటే సగం చావు. ఆ చావును వెనక్కి నెట్టిన ఏఎన్‌ఎంలకూ ఆశాలకూ నర్సులకూ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కానీ ఈ లెక్కల్లో దేనిలోనూ లేని మరో లెక్క ఉంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం మంది, బాలింతల్లో 19.8 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో, ముఖ్యంగా కుంగుబాటుతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ పత్రికలోనే 2017లో ఒక సమీక్ష వచ్చింది. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, ఇరవై వేలమందికి పైగా తల్లుల వివరాలను కలిపి చూస్తే, కాన్పు తర్వాత కుంగుబాటు 22 శాతం మందిలో కనిపించింది. అంటే ఐదుగురిలో ఒకరు. ప్రతి ఐదుగురు బాలింతల్లో ఒకరికి జ్వరం తగిలిందనుకోండి, కలెక్టరు ఆఫీసులో దీపాలు ఆరవు. ప్రతి ఐదుగురిలో ఒకరికి బతుకు మీద ఆశ పోతుంటే మాత్రం ఎవరికీ నిద్ర చెడదు.

మనసు జబ్బులన్నీ ఒకటి కావు. కాన్పయిన మొదటి వారం పది రోజుల్లో చాలామందికి ఊరికే ఏడుపొస్తుంది. ఆసరా ఉంటే అది దానంతటదే పోతుంది. కుంగుబాటు అలా పోదు. వారాలు, నెలలు పట్టి ఉంటుంది. నిద్ర, ఆకలి, బిడ్డ మీద ధ్యాస, అన్నిటినీ తినేస్తుంది. మూడోది అరుదు. వెయ్యి మందిలో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, మతి తప్పే జబ్బు వస్తుంది. నిద్ర పూర్తిగా పోతుంది, లేని మాటలు వినపడతాయి, బిడ్డకు ఎవరో కీడు చేస్తున్నారని అనిపిస్తుంది. అది రక్తస్రావమంత అత్యవసరం. తల్లికీ బిడ్డకూ ప్రాణగండం. మన దగ్గర ఈ మూడింటికీ కలిపి రెండే పేర్లున్నాయి. నెమ్మదిగా ఏడిస్తే ‘నఖరాలు’. గట్టిగా అరిస్తే ‘గాలి తాకింది’. మొదటిదానికి వైద్యం అత్త నోరు, రెండోదానికి వేపమండ.

ఇరవై ఏళ్ళ కిందట నా రెండో కాన్పు తర్వాత నాకూ ఆ మొదటి పేరే దక్కింది. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, నాలుగు పుస్తకాలు చదివినదాన్ని. అయినా ఏమవుతోందో చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేకపోయింది. బిడ్డ ఏడుస్తుంటే గోడ చూస్తూ కూర్చునేదాన్ని. కాన్పు చేసిన నర్సింగ్ హోంకు పోయి నిద్ర పట్టడం లేదని చెప్పాను. “రెండోది కూడా ఆడపిల్లేనా? అదే బెంగ. బలానికి సిరప్ రాస్తున్నాను” అన్నారక్కడ. నాకు ఆడపిల్ల అన్న బెంగ లేదు. కానీ ఆ మాట విన్నాక, నాకు తెలియకుండానే అలాంటి బెంగ ఏదైనా ఉందేమోనని నెలల తరబడి నన్ను నేనే తవ్వుకున్నాను. ఆ సీసా ఖర్చు నలభై రూపాయలో యాభై రూపాయలో. ఆ మాట ఖర్చు ఇప్పటికీ లెక్క తేలలేదు.

నాకు జీతముంది, సెలవుంది, మాట వినే తోబుట్టువు ఉంది. ఇవేవీ లేనివాళ్ళ సంగతి చెప్పాలి. మా వాడకట్టులో ఒక పిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయి. భర్త దుబాయ్‌లో. పెద్దాపరేషనై నెల కూడా కాలేదు, బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. ఒళ్ళో బిడ్డ. చేతులు ఆకు కత్తిరిస్తున్నాయి, కళ్ళు ఎటో ఉన్నాయి. పక్కన కూర్చుని ఎట్లున్నావు బిడ్డా అని అడిగాను.

“మంచిగనే ఉన్న అక్కా.”

“తింటున్నవా, పంటున్నవా?”

“పంట గని నిద్ర రాదు. ఈడు ఏడుస్తడు, నేను ఏడుస్త. వాడెందుకు ఏడుస్తుండో తెలుస్తది, పాలకు. నేనెందుకు ఏడుస్తున్ననో నాకే తెల్వది.”

“ఎవరికన్న చెప్పినవా?”

“ఎవరు అడిగిన్రు చెప్పనీకి?”

ఎవరు అడిగారు? ఈ ప్రశ్నను కాస్త పట్టుకుని చూద్దాం. నిజానికి ఆ పిల్ల ఇంటికి మనిషి వచ్చింది. ఒకసారి కాదు. నవజాత శిశువుల సంరక్షణ కార్యక్రమం కింద, ఆసుపత్రిలో కాన్పయిన ప్రతి తల్లి ఇంటికీ ఆశా కార్యకర్త ఆరుసార్లు రావాలి. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. వస్తారు కూడా. బిడ్డను తూకం వేస్తారు, ఒళ్ళు వెచ్చగా ఉందా చూస్తారు, బొడ్డు చూస్తారు. తల్లికి జ్వరముందా, దుర్వాసన వేసే స్రావముందా, పాలు పడుతున్నాయా, రొమ్ము పగిలిందా అని అడుగుతారు. ఆ ఫారంలో తల్లి మనసుకు సంబంధించినదని చెప్పుకోదగ్గ గడి ఒక్కటే. తల్లి అసంబద్ధంగా మాట్లాడుతోందా లేదా ఫిట్స్ వస్తున్నాయా, అవును లేక కాదు. చూశారా! మతి తప్పి మాట్లాడితేనో, మూర్ఛ వచ్చి పడిపోతేనో మనం లెక్కలోకి వస్తాం. నోరు మూసుకుని, ఒళ్ళో బిడ్డను పెట్టుకుని, గోడ చూస్తూ కూర్చున్న తల్లి ఆ గడిలో ‘కాదు’. ఆమె క్షేమం. వెయ్యిలో ఒకరికి వచ్చేదానికి సగం గడి ఉంది, ఐదుగురిలో ఒకరికి వచ్చేదానికి గడే లేదు.

ఇంకో మాట. ఆ ఆరు రాకలూ పుట్టిన బిడ్డ పేరు మీద వేసినవి. మరి బిడ్డే దక్కని తల్లి దగ్గరికి ఏ పేరుతో వస్తారు? చనిపోయిన బిడ్డను కన్నవాళ్ళు, ఆరో నెలలో కడుపు పోయినవాళ్ళు, పుట్టిన బిడ్డను వారం లోపల మట్టిలో పెట్టి వచ్చినవాళ్ళు. పాలు పొంగి వస్తుంటే గుడ్డ బిగించి కట్టుకునే ఆ తల్లికి అందరికన్నా ముందు మనిషి కావాలి. ఆమె దగ్గరికి వచ్చేది చుట్టాల నోళ్ళే. “మళ్ళొకటి కంటవు తీ, చిన్నదానివే.”

ఆశాలకు ఇప్పటికే తలకు మించిన పని, వాళ్ళేం మనసు డాక్టర్లా అంటారు. డాక్టర్లు కానక్కర్లేదు. పక్కనున్న పాకిస్తాన్‌లో, రావల్పిండి పల్లెల్లో, డాక్టర్ ఆతిఫ్ రహమాన్ బృందం చేసి చూపించింది. పదో తరగతి, ఇంటరు చదివి ఇంటింటికీ తిరిగే లేడీ హెల్త్ వర్కర్లకే కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. కుంగిన తల్లితో ఎలా మాట్లాడాలి, ఆమె ఆలోచనను ఎలా మెల్లగా మళ్ళించాలి, ఇంట్లోవాళ్ళను ఎలా కలుపుకోవాలి అని. ఫలితాలు 2008లో లాన్సెట్‌లో వచ్చాయి. మామూలుగా ఇంటి సందర్శనలు మాత్రమే జరిగిన తల్లుల్లో ఆరు నెలల తర్వాత 53 శాతం ఇంకా కుంగుబాటులోనే ఉంటే, ఈ తరహా మాట సాయం అందినవాళ్ళలో 23 శాతమే మిగిలారు. ఆ పల్లెలకూ మా పల్లెలకూ తేడా ఏముంది? అక్కడా అత్తలున్నారు, అక్కడా పేదరికముంది. కేరళ కూడా ‘అమ్మ మనసు’ పేరుతో గర్భిణుల, బాలింతల దిగులును గుర్తించే పని చేపట్టింది. చేయలేని పని కాదిది.

అయితే ఆశా మెడకు ఇంకో ఉచిత బాధ్యత తగిలించమని నేననడం లేదు. ఆరు రాకలకూ కలిపి ఆమెకు కేంద్రం నిర్ణయించిన పారితోషికం 250 రూపాయలు. ఆమె కూడా ఒకప్పుడు బాలింతే. ఆమె దిగులును ఎవరడిగారు? మనసు గురించి అడగమంటే దానికి శిక్షణ ఇవ్వాలి, దానికి వేరే డబ్బివ్వాలి, తను విన్న బరువును దించుకోవడానికి ఆమెకూ ఒక మనిషిని చూపించాలి. ఆడవాళ్ళ ఓర్పు మీద ఆడవాళ్ళ వైద్యాన్ని నడిపిస్తామంటే కుదరదు.

సరే, అడిగింది, తెలిసింది. తర్వాత ఎక్కడికి పంపాలి? ఇక్కడే అసలు వివక్ష బయటపడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మానసిక వైద్యుల పోస్టు ఉండదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో పుట్టింది. దాన్ని జిల్లాలకు తెచ్చే కార్యక్రమం 1996లో. నేను చదువుకుని, ఉద్యోగం చేసి, పిల్లల్ని పెంచేసినంత కాలమైంది. ఇప్పటికీ ఆ జిల్లా అన్నమాట జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతుంది. పచ్చి బాలింత, కుట్లున్న మనిషి, చంకలో బిడ్డతో నిజామాబాద్ పోయి ఓపీ చీటీ కోసం వరసలో నిలబడాలి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు టిక్కెట్టు లేదు, అది నిజంగా మేలే. కానీ బస్సు ఎక్కాలంటే ఎక్కడికి పోతున్నావని ఇంట్లో అడుగుతారు కదా! ప్రైవేటుకు పోదామంటే ఆ డాక్టరు పేరు చెప్పడానికే భయం. అందుకే మావైపు ‘నరాల డాక్టరు’ అంటారు. ఫీజు, మందులు, మళ్ళీ పదిహేను రోజులకు రావాలి. నెలకు ఎన్ని వేల బీడీలు చుడితే ఆ ఖర్చు వస్తుంది? జబ్బు ముదిరితే హైదరాబాదు, ఎర్రగడ్డ. నూట యాభై కిలోమీటర్ల పైమాటే. ‘ఎర్రగడ్డ’ అన్నది మన భాషలో ఊరి పేరుగా మిగల్లేదు, తిట్టుగా మారింది. పాలు తాగే బిడ్డ ఉన్న తల్లిని ఏ కుటుంబం అక్కడికి తీసుకుపోతుంది?

అందులో ఇంకో ముడి ఉంది. పాలిచ్చే తల్లి ఆ మాత్ర వేసుకోవచ్చా? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్క కొందరు మాత్ర మానేస్తారు, కొందరు పాలు మానేస్తారు, రెండింటికీ తల్లినే తిడతారు. సెర్ట్రలిన్ లాంటి పాత, చవక మందులు వైద్యుల పర్యవేక్షణలో పాలిస్తూనే వాడుకోవచ్చని వైద్యశాస్త్రం చెప్పి చాలా కాలమైంది. అమెరికాలో 2023లో బాలింత కుంగుబాటుకంటూ ప్రత్యేకంగా మాత్ర వచ్చింది, పద్నాలుగు రోజుల కోర్సుకు దాదాపు 16 వేల డాలర్లు ధర పెట్టారు. మనం దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. మనకు కావలసింది ఉన్న మందును ధైర్యంగా రాయగలిగిన డాక్టరు, భయం తీర్చే మాట.

చట్టం మాత్రం ఘనంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ డబ్బుతో నడిచే సేవల్లో మనసు వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు అని దాని 18వ సెక్షన్ అంటుంది. 21వ సెక్షన్ ఇంకా స్పష్టం. చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. ఈ వాక్యం రాసినవాళ్ళకు దండం. కానీ వేరు చేయకుండా ఉంచడానికి మంచం కావాలి కదా! బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009లోనే తల్లీబిడ్డల వార్డు మొదలైంది. తల్లికి వైద్యం జరుగుతుంటే బిడ్డ పక్కనే ఉంటుంది, తల్లి బిడ్డను మళ్ళీ దగ్గరికి తీసుకోవడం నర్సుల సాయంతో నేర్చుకుంటుంది. జిల్లాకో మెడికల్ కాలేజీ అని గొప్పగా చెప్పుకునే రాష్ట్రంలో, ప్రతి మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అలాంటి నాలుగు మంచాలు అడగడం గొంతెమ్మ కోరికా?

ఇక్కడ మనలోనే కొందరికి ఒక అనుమానం వస్తుంది. స్త్రీల దుఃఖాన్ని జబ్బు చేసి, మాత్ర మింగించి, మళ్ళీ అదే సంసారంలోకి తోయడమేనా మనం కోరేది? ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో రాసిన కథలో, బిడ్డను కన్న స్త్రీకి డాక్టరైన భర్త విశ్రాంతి పేరుతో గది, నిర్బంధం ఇచ్చి, కలం లాక్కున్నాడు. ఆ వైద్యం ఆమె స్వయంగా అనుభవించిందే. మన దేశంలో భార్గవి దావర్ తన జీవితమంతా, 2024లో కన్నుమూసే దాకా, పిచ్చాసుపత్రుల నిర్బంధాన్ని ప్రశ్నిస్తూనే ఉంది. 1999లో ఆమె తెచ్చిన పుస్తకం భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యాన్ని స్త్రీవాద చర్చలో నిలబెట్టింది. ఈ హెచ్చరికలు నేను తీసిపారెయ్యను.

కానీ దుఃఖానికి కారణం సమాజంలో ఉందని చెప్పడం వేరు, కాబట్టి వైద్యం అక్కర్లేదనడం వేరు. క్షయ కూడా పేదరికం జబ్బే. పేదరికం పోయేదాకా మందివ్వొద్దని ఎవరంటున్నారు? గోవాలో విక్రమ్ పటేల్, మరో ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. అక్కడి తల్లుల్లో 23 శాతం మంది కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు కుంగుబాటులో ఉన్నారు. పేదరికం, భర్తతో సఖ్యత లేకపోవడం, పుట్టింది ఆడపిల్ల కావడం, ఇవన్నీ దానికి తోడయ్యాయి. అంటే ఏమిటి? స్త్రీవాదం ముప్పై, నలభై ఏళ్ళుగా చెబుతున్నదే డాక్టర్ల పట్టికల్లోనూ తేలింది. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగినప్పుడు ఉద్యోగాలున్న మనం సంతోషించాం. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మనిషికి చుట్టిన వెయ్యికే కూలి. పసుపు తవ్వకంలో కొమ్ములు ఏరే మనిషికి పోయిన రోజుకే కూలి. వాళ్ళ ఇరవై ఆరు వారాలు ఎవరి దగ్గరున్నాయి? మాత్రతో పాటు ఆ కూలి నష్టం కూడా కట్టివ్వమని అడగడమే మన స్త్రీవాదం. మాత్ర వద్దనడం కాదు.

వైద్యం అందడమే ప్రమాదం తెచ్చే చోటు మరొకటుంది. అది కోర్టు. హిందూ వివాహ చట్టంలో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. మానసిక వైద్యుని చీటీ ఇంట్లో దొరికిందంటే, అది రేపు పెద్దమనుషుల పంచాయితీలో, ఎల్లుండి కోర్టులో ‘పిచ్చిది’ అనడానికి సాక్ష్యం అవుతుందని ఆడవాళ్ళకు తెలుసు. బిడ్డను కూడా లాక్కుంటారని తెలుసు. అందుకే చీటీలు చించేస్తారు, మాత్రలు బియ్యం డబ్బాలో దాస్తారు. మానసిక జబ్బు ఉందన్నంత మాత్రాన మతి లేని మనిషి కింద లెక్క కాదని 2017 చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా ఉంది. ఈ రెండు మాటలు ఏ ఆసుపత్రి గోడ మీదైనా తెలుగులో రాసి ఉండగా మీరు చూశారా? నేను చూడలేదు.

అడగకపోతే ఏమవుతుందో జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ చదువుతూనే ఉంటాం. పసిబిడ్డతో సహా తల్లి ప్రాణం తీసుకుంది. కారణం ‘కుటుంబ కలహాలు’. రెండు ముక్కల్లో ఒక జబ్బును పూడ్చిపెట్టే పదమిది. కట్నం వేధింపులు లేవని నేననడం లేదు. వేధింపూ జబ్బూ ఒకే ఇంట్లో కలిసే కాపురం చేస్తాయి. కానీ పోలీసు విచారణలో నెల రోజులుగా ఆమెకు నిద్ర ఉందా అన్న ప్రశ్న రాదు. గర్భిణిగా ఉన్నప్పుడో కాన్పయిన నలభై రెండు రోజుల్లోపో జరిగిన ఆత్మహత్యను నేరుగా మాతృమరణంగానే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. 43 అని మనం మురుసుకునే ఆ సంఖ్య ముందు ఈ తల్లులను కూడా నిలబెట్టి చూడాలి. ఒకవేళ బిడ్డ పోయి తల్లి బతికితే ఆమె మీద హత్య కేసు. ఇంగ్లండులో 1922లోనే, తర్వాత 1938లో, కాన్పు ప్రభావంతో మనసు చెదిరిన తల్లి నేరాన్ని హత్య నుంచి వేరు చేస్తూ చట్టం చేసుకున్నారు. మనకు శిక్షాస్మృతి రాసిచ్చిన దొరలు తమ తల్లులకు చూపిన ఆ మాత్రం కనికరం మన పుస్తకంలోకి ఇప్పటికీ రాలేదు. 2024 జులైలో కొత్త న్యాయసంహిత అమల్లోకి వచ్చినప్పుడు కూడా.

తండ్రుల మాట ఎత్తకపోతే అన్యాయమవుతుంది. 2010లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం బిడ్డ పుట్టే కాలంలో తండ్రుల్లోనూ పది శాతం మందికి కుంగుబాటు ఉంటుంది. మా జిల్లా మగవాళ్ళు ఎంతోమంది గల్ఫ్ క్యాంపుల్లో, ఒక గదిలో ఎనిమిదిమంది మధ్య, ఫోన్‌లో బిడ్డ మొహం చూసుకుంటారు. వీసా అప్పు తీరందే రాలేరు. ఆ దిగులు మందు సీసాలోనో, ఫోన్‌లో భార్య మీద అనుమానంలోనో బయటపడుతుంది. దాన్ని భరించేది మళ్ళీ బాలింతే. మగవాడి దిగులుకు వైద్యం జరిగితే ఆడదాని ఒంటి మీద దెబ్బలు కొన్ని తగ్గుతాయి. కొట్టడానికి దిగులు సాకు కాదు. అయినా ఆ వైద్యం అతనికీ దొరకాలి.

“మా కాలంల పది మందిని కన్నం, ఈ రోగాలు ఎరుగం” అనే పెద్దమ్మలతో నాకు తగువు లేదు. వాళ్ళ కాలంలో కాన్పుకు తల్లిగారింటికి పోయేవారు. ఒంటికి నూనె, పసుపు, వేడినీళ్ళు, కారం, పథ్యం, నలభై రోజులు పక్కనే ఒక మనిషి. అదీ ఒక వైద్యమే, దాన్ని పోగొట్టుకున్నాం. కానీ ఆ నలభై రోజులు అందరికీ ఉండేవా? ఊరి బిడ్డలందరికీ బొడ్డు కోసిన మంత్రసాని తన కాన్పయిన ఎన్నో రోజుకు దొర పొలంలో వంగిందో అడగండి. ఆమె కూతుళ్ళే ఇవాళ చాట ముందు కూర్చున్నారు. వాళ్ళకు పాత వైద్యమూ అందలేదు, కొత్త వైద్యమూ అందడం లేదు. న్యాయం మొదలుపెడితే వాళ్ళ గడప నుంచే మొదలుపెట్టాలి.

ఏం కావాలో తేలికే. ఆశా వచ్చే ఆరుసార్లూ, ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు జరిగే పరీక్షలప్పుడూ, మన మాటల్లో రెండు ప్రశ్నలు అడగాలి. ఈ పదిహేను రోజుల్లో దిగులుగా, ఏ ఆశా లేనట్టు ఉందా? ఏ పనీ, ఏ ముచ్చటా మనసుకు పట్టడం లేదా? అవి అత్త ముందు అడిగే ప్రశ్నలు కావు. బిడ్డ దక్కని తల్లిని కూడా అడగాలి. అవునన్న మనిషి కోసం ఆర్మూరు లాంటి చోట వారానికి ఒక రోజు మనసు డాక్టరు, కౌన్సిలరు కూర్చోవాలి, పిల్లలకు టీకాలు వేసే రోజునే, అదే ఆవరణలో. ఎందుకు పోతున్నావని ఇంట్లో అడిగితే టీకాకని చెప్పొచ్చు. తల్లీబిడ్డల మంచాలు జిల్లాలోనే ఉండాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉచితంగా, తెలుగులో కూడా పలుకుతుంది. దాన్ని ప్రతి తల్లీబిడ్డల కార్డు మీద అచ్చువేయాలి. సొంత ఫోన్ లేని కోడలికి అదొక్కటే చాలదని కూడా గుర్తుంచుకోవాలి.

2019 లోక్‌సభ ఎన్నికల్లో మా నిజామాబాద్‌లో 178 మంది రైతులు పోటీకి దిగారు. పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం. దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ధర సంగతి ఇంకా తేలాల్సిందే, కానీ అడిగినవాళ్ళు ఒకరిద్దరు కాకపోవడం వల్లే ఆ బోర్డు పేరు ఢిల్లీలో వినపడింది. బాలింతలు నామినేషన్లు వేయలేరు. వాళ్ళకు నిద్రే లేదు. వాళ్ళ తరఫున అడగాల్సింది ఒకప్పుడు బాలింతలమై బయటపడిన మనమే. 1990ల మొదట్లో ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం వచ్చినప్పుడు, మన ఒంటి గురించి మన భాషలో మాట్లాడుకోవడం సిగ్గు కాదని ఒక తరం నేర్చుకుంది. మనసు గురించి అలాంటి పుస్తకం ఇంకొకటి కావాలి. పరిశోధన చేసే అమ్మాయిలారా, కాన్పు అనుభవాలు సేకరించేటప్పుడు నొప్పులతో ఆపేయకండి, నలభై రెండో రోజు దాటి అడగండి. కథలు రాసేవాళ్ళు మాతృత్వపు మధురిమ నుంచి కొంచెం పక్కకు జరిగి, గోడ చూస్తూ కూర్చున్న ఆ తల్లి పక్కన కూర్చోండి. ఈ వ్యాసం చదివినవాళ్ళు మీ ఊరి ఆశా దగ్గరున్న ఫారం ఒకసారి అడిగి చూడండి. ఆ గడిలో ఏం రాసి ఉందో చదివి, జిల్లా వైద్యాధికారికి ఒక ఉత్తరం రాయండి. నేను నాది రాసి పంపాను.